అమ్మ నా స్ఫటికానికి నయం చేసింది

మా వీధిలో నా ఉద్యోగం ఏమిటో ఎవరికీ సరిగ్గా తెలియదు. తెలియదని ఒప్పుకునేవాళ్లూ లేరు. ఎదురింటి అక్క లెక్క ప్రకారం నేను పొద్దుటినుంచి సాయంత్రందాకా కంప్యూటర్‌లో గోళీలాడుతుంటాను, అందుకు చెన్నైలో ఎవరో తెలివితక్కువవాళ్లు నాకు జీతం పంపిస్తుంటారు. ఆమెను తప్పుపట్టలేను. కిటికీలోంచి తొంగిచూస్తే తెర మీద కనబడేవి గోళీలే. నీలం గోళీలు, బూడిదరంగు గోళీలు, వాటిని కలుపుతూ పుల్లలు. అది సిలికాన్ కార్బైడ్ అనే స్ఫటికం బొమ్మ. ఒక్కో గోళీ ఒక్కో పరమాణువు. ఎటు చూసినా అదే వరుస, అదే దూరం. కాసేపు చూస్తే ఆవులింతలు వస్తాయి.

నా పని ఆ వరుసను చెడగొట్టడం. ఒక పరమాణువును పూర్తిగా లేపేస్తాను, లేదంటే దాని చోట్లోంచి పీకి పక్క సందులో ఇరికిస్తాను. ఇది వినగానే చాలామంది జాలిగా చూస్తారు, చదువుకున్న పిల్లకు ఇదేం బుద్ధి అని. కానీ అంతా సవ్యంగా ఉన్న స్ఫటికంలో మాకు పనికొచ్చే విశేషం ఏమీ ఉండదు. ఎక్కడో ఒక లోపం ఉందనుకోండి, అక్కడ లేజరు తగలగానే ఆ లోపం తనకంటూ ఒక రంగులో వెలుగుతుంది. అదీ ధారగా కాదు, ఒక్కొక్క కాంతి కణాన్నీ విడివిడిగా వదులుతుంది. ఎవరూ దొంగచాటుగా వినలేని సందేశాలు పంపాలనుకునేవాళ్లు, క్వాంటమ్ పరికరాలు కట్టేవాళ్లు ఇలాంటి లోపాల కోసం పడిచస్తారు. లోపం లేని స్ఫటికం చేతికిస్తే మా సారు ముఖం చిట్లిస్తారు.

అప్పట్లో మా నెత్తిన పడ్డ చిక్కు ఇది. వేరే ఊళ్లో ఒక ల్యాబువాళ్లు స్ఫటికాన్ని ఎలక్ట్రాన్లతో కొట్టి, అందులోంచి ఒక కొత్త ఎర్రటి వెలుగు రావడం చూశారు. వెలుగు దొరికింది గానీ అది ఏ లోపంలోంచి వస్తోందో దొరకలేదు. అనుమానితులు బోలెడు. ఒక్కొక్కదాన్నీ కంప్యూటర్‌లో కట్టి, చుట్టూ ఉన్న పరమాణువులు సర్దుకుని కుదుటపడేదాకా ఆగి, అప్పుడు దాని వెలుగు ఏ రంగులో ఉంటుందో లెక్కగట్టాలి. లెక్క చేసే పెద్ద యంత్రం చెన్నైలో ఉంటుంది. నేను మా ఇంటి వసారాలో కూర్చుని దానికి పని పురమాయిస్తుంటాను. సముద్రపు గాలికి నా ల్యాప్‌టాప్‌లో ట్యాబ్ మీట ఉప్పుపట్టి బిగుసుకుపోయింది. నొక్కితే ఒక్కోసారి దిగుతుంది, ఒక్కోసారి మొరాయిస్తుంది. దాన్ని గోటితో పైకి లేపుకుంటూ క్వాంటమ్ భవిష్యత్తుకు నా వంతు సేవ చేస్తున్నానన్నమాట.

ఇంటినుంచి పనిచేయడానికి సారు ఒప్పుకున్నది నాన్న పోయాక. నాన్న విడవలూరు చుట్టుపక్కల రొయ్యల గుంటల్లో ఏరేటర్లు బాగుచేసేవాడు. గుంట నీళ్లలోకి గాలి కొట్టే ఆ చక్రాలు ఆగితే రొయ్యలు చచ్చిపోతాయి కాబట్టి, ఆ చుట్టుపక్కల నాన్నకు డాక్టరుకున్నంత గిరాకీ. అమ్మ నెల్లూరులో నర్సుగా చేసి రిటైరైంది. మా చర్చి సంఘంలో అమ్మ ప్రార్థనలకు పెద్ద పేరు. ప్రార్థన చేయమంటే ఆమె మొదలుపెట్టాక ఎక్కడ ఆపుతుందో ఎవరికీ తెలియదు. రోగులు, పరీక్షలు రాసే పిల్లలు, వేటకు పోయినవాళ్లు, వాళ్ల వలలు, ఈనబోయే గేదెలు, అందరినీ ఒక్కొక్కరినే దేవుడి ముందు నిలబెట్టేది. ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నవాళ్లు అమ్మ వంతు రాగానే ఒక కన్ను తెరిచి వంటింటి వైపు చూసేవాళ్లు. నాన్నయితే లేచివెళ్లి పొయ్యి సన్నమంట మీద పెట్టి వచ్చి, మళ్లీ కళ్లు మూసుకునేవాడు. కళ్లు మూసుకున్నా మూతి మీద నవ్వు తెలిసిపోయేది.

నాన్న మంచం పట్టినప్పుడు అమ్మ ఎంత ప్రార్థన చేసిందో చెప్పలేను. నాన్న పోయాడు. ఆ తర్వాత అమ్మ గుడికి రావడం మానలేదు, పాటలు పాడటమూ మానలేదు. కానీ ప్రార్థన మాత్రం చేయలేదు. మా ఇళ్ల కూడికల్లో ఒక అలవాటుంది. చుట్టూ కూర్చుని ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేస్తాం. చేయడం ఇష్టంలేనివాళ్లు పక్కవాళ్ల మోకాలు మెల్లిగా తడతారు. అంటే నా వంతు నీదే అని. నేను చిన్నప్పటినుంచీ తట్టే రకమే, నన్నెవరూ పట్టించుకోరు. అమ్మ తట్టడం వేరు. ఆమె వంతు వచ్చేది, కాసేపు నిశ్శబ్దం, తర్వాత ఆమె చెయ్యి వచ్చి నా మోకాలు తట్టేది. నేను నా పక్కవాళ్లది తట్టేదాన్ని. ఆ నిశ్శబ్దంలో నాకు ఏడుపు వచ్చేది. అప్పట్లో నాకు కావలసింది ఒక్కటే: అమ్మ మళ్లీ నోరు తెరవాలి. ఎర్రటి వెలుగు సంగతి కూడా దాని తర్వాతే.

ఆమె నోరు తెరిపించడానికి నా స్ఫటికం పనికొస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

రిటైరైనా అమ్మకు రౌండ్ల అలవాటు పోలేదు. పొద్దున కాఫీ ఇచ్చేటప్పుడు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి నా వెనక నిలబడి తెరను పరీక్షగా చూసేది. నేను ఆ రోజుల్లో పట్టుకున్న అనుమానితుడు, చోటు తప్పి పక్క సందులో కూర్చున్న ఒక పరమాణువు. గుర్తుండటానికి దానికి ఎర్రరంగు వేశాను. అమ్మకు అది కురుపులా కనబడిందో ఏమో.

"ఎట్టుండాది మే ఈ పూట?"

"ఇంకా కుదుటపడలేదమ్మా."

"తిండేమన్నా పెడతా ఉండావా, లేదంటే సెలైన్ మీదనే ఉండాదా?"

"కరెంటు తాగుతోందమ్మా, అదే తిండి."

"ఆ ఎర్రది నిన్న యాడుండిందో ఈరోజూ ఆడనే ఉండాదే. డిశ్చార్జి ఎప్పుడంట?"

ఇలా వేళాకోళంగా మాట్లాడుతోందనే అనుకున్నాను. ఒకరోజు సారుతో ఫోన్‌లో, "లోపం దగ్గరే తంటా అంతా, సార్. అదొక్కటి కుదిరితే మిగతాది నేను చూసుకుంటాను," అన్నాను. అమ్మ వంటింట్లో చింతపండు పిసుకుతూ విన్నది. నర్సు చెవిలో లోపం అనే మాట పడితే ఏమవుతుందో నేను ఊహించి ఉండాల్సింది.

ఆ బుధవారం కూడిక మా ఇంట్లోనే. వసారాలో చాపలు పరిచాం. పాస్టరు అయ్యగారు వచ్చారు, ఎదురింటి అక్క వచ్చింది, ఇంకో నాలుగైదు ఇళ్లవాళ్లు వచ్చారు. ల్యాప్‌టాప్‌ను బల్ల మీదనే ఒక మూలకు జరిపి వాక్యం విన్నాం, పాట పాడాం. ప్రార్థన వరుసగా తిరుగుతూ అమ్మ దాకా వచ్చింది. నిశ్శబ్దం. నేను మోకాలు సిద్ధంగా పెట్టుకున్నాను. చెయ్యి రాలేదు.

"ప్రేమగల తండ్రీ," అన్నది అమ్మ.

నేను కళ్లు తెరిచేశాను. చుట్టూ చూస్తే అందరూ తెరిచే ఉన్నారు, అయ్యగారితో సహా.

"నా బిడ్డ కంప్యూటర్‌లో ఒక స్ఫటికాన్ని పెట్టుకోనుండాది తండ్రీ. దాంట్లో ఏందో లోపం ఉండాదంట. పొద్దస్తమానం దాంతోనే అగచాట్లు పడతా ఉండాది, తిండి కూడా సరిగ్గా తినేది లేదు. ఆ లోపాన్ని నువ్వు ముట్టు తండ్రీ. దాన్ని సంపూర్ణంగా తీసెయ్యి. ఉండినట్టు ఆనవాలు కూడా లేకుండా చెయ్యి."

"ఆమేన్!" అన్నారు అందరూ, చాలాకాలం దాచిపెట్టుకున్నట్టు గట్టిగా. అమ్మ తర్వాత వంతు వచ్చిన ప్రతివాళ్లూ నా స్ఫటికం కోసమే ప్రార్థన చేశారు. ఆ లోపం నాలోనే ఉందనుకున్న ఒక పెద్దావిడ నా కడుపు చల్లగా ఉండాలని కూడా వేడుకుంది. చివర అయ్యగారు స్ఫటికానికి సంపూర్ణ స్వస్థత అడిగి ముగించారు.

నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. నాకు అన్నం పెట్టే లోపాన్ని మా సంఘం మొత్తం ఏకమై పీకేయమంటోంది. అయినా అమ్మ గొంతు వినబడింది. ఆ గొంతు కోసం నేను ఏ లోపాన్నైనా వదులుకుంటాను అనుకున్నాను. అనుకోవడమేగా, పోయేదేముంది!

మర్నాడు పొద్దున లెక్క పూర్తయింది. బొమ్మ తెరిచి చూస్తే లోపం లేదు.

నేను కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. ఎర్ర గోళీ తన పాత చోటికి వెళ్లి బుద్ధిగా కూర్చుంది. ఖాళీ లేదు, ఇరుకు లేదు. ఎటు చూసినా అదే వరుస, అదే దూరం. ఆవులింత కూడా వచ్చింది.

ఇందులో మాయ ఏమీ లేదు. కావలి బస్సులో మనం సీట్లోంచి లేచి పక్కనే నిలబడ్డామనుకోండి. సీటు ఖాళీగా కనబడుతుంటే ఎంతసేపు నిలబడతాం? నేను ఆ పరమాణువును పీకి మరీ దగ్గర సందులో పెట్టాను. చుట్టుపక్కలవాళ్లు కాస్త సర్దుకోగానే అది చటుక్కున తన సీట్లోకి దూకేసింది. ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. కాకపోతే అందరికీ బుధవారం కూడిక అయిన మర్నాడు జరగదు.

సారుకు ఫోన్ చేసి లోపం మాయమైందని చెప్పాను.

"ఎలా మాయమైంది? ఏం చేశావు?"

"మా సంఘంవాళ్లు ప్రార్థన చేశారు సార్."

ఆయన చాలా మర్యాదగా, "ఎందుకైనా మంచిది, దూరం పెంచి మళ్లీ పెట్టి చూడమ్మా," అన్నారు.

ఫోన్ పెట్టేసరికి అమ్మ కాఫీతో నా వెనకే ఉంది. తెర వంక చూసింది. గ్లాసు బల్ల మీద పెట్టి, కళ్లద్దాలు సర్దుకుని, ముందుకు వంగి ఇంకోసారి చూసింది.

"ఎర్రది యాడమే?"

"దాని చోటుకి పోయిందమ్మా."

"అంటే లోపం పోయినట్టేనా?"

అబద్ధం చెప్పలేదు నేను. "పోయినట్టే," అన్నాను.

"స్తోత్రం!" అని ఆమె వేసిన కేకకు ఎదురింటి అక్క చీపురుతో సహా వీధిలోకి వచ్చింది. కాసేపట్లో ఫోన్లు మొదలయ్యాయి. ఆదివారం అమ్మ గుడిలో నిలబడి సాక్ష్యం చెప్పేటట్టు అయ్యగారు ఏర్పాటు చేశారు. దేవుడు తమకు చేసిన మేలును పదిమంది ముందు చెప్పడం మాకు అలవాటే. జ్వరాలు తగ్గడం, తప్పిపోయిన పడవలు తిరిగిరావడం, సర్కారు ఉద్యోగాలు రావడం చెబుతుంటారు. సిలికాన్ కార్బైడ్ గురించి ఇంతవరకూ ఎవరూ చెప్పి ఉండరు.

మధ్యాహ్నం అన్నం ముందు అమ్మ కళ్లు మూసుకుని చేపల పులుసు చల్లారిపోయేదాకా ప్రార్థన చేసింది. రోగులు, పరీక్షలు, వలలు, గేదెలు, అందరూ తిరిగొచ్చారు. చల్లారిన పులుసు అంత రుచిగా నేనెప్పుడూ తినలేదు. ఆమె వెలుగుతున్న ముఖం చూశాక, ఆ లోపమే నాకు కావలసిందని చెప్పే ధైర్యం నాకు లేదు. చెబితే మళ్లీ ఆ నిశ్శబ్దమే. కాబట్టి ఒక ఉపాయం వేశాను. ఎర్ర గోళీని ఈసారి దూరం సందులో పెట్టి లెక్క మళ్లీ నడిపిస్తాను. అమ్మ రౌండుకు వచ్చినప్పుడు మాత్రం ట్యాబ్ నొక్కి, నయమైన స్ఫటికం బొమ్మ చూపిస్తాను. దొంగ మందుల కంపెనీవాళ్లు కూడా నా ముందు దిగదుడుపే.

శుక్రవారం పొద్దున ఉపాయం బాగానే నడిచింది. మధ్యాహ్నం కూడా నడిచింది. సాయంత్రం అమ్మ చెప్పుల చప్పుడు వినబడి ట్యాబ్ నొక్కితే మీట దిగలేదు. గోటితో లేపాను, నొక్కాను, కొట్టాను. ఉప్పు తన పని తను చేసింది. తెర నిండా ఎర్ర గోళీ నిగనిగలాడుతోంది.

"అమ్మో," అన్నది అమ్మ. "తిరగబెట్టిందే!"

ఆమె నర్సు. తిరగబెట్టిన రోగానికి మందు మోతాదు పెంచాలని ఆమెకు తెలుసు. "సాక్ష్యం ఉండనీ, ముందు ఇది చూడాల," అని ఫోన్ అందుకుంది. మర్నాటినుంచి ఆడవాళ్లందరూ మా ఇంట్లో ఉపవాస ప్రార్థన. నీళ్లు తప్ప ఏమీ ముట్టరు. అమ్మకు షుగరుంది. పూట తప్పితే చేతులు వణుకుతాయి, కళ్లు తిరుగుతాయి. ఈ సంగతి రోగులకు బోధించిన మనిషి, నా గోళీ కోసం తానే మాత్రలు పక్కన పెట్టేస్తానంటోంది. ఇంక దాచడం కుదరదు.

పెరట్లో రొయ్యలు ఒలుస్తుంటే పోయి ఎదురుగా కూర్చున్నాను. నేనూ రెండు ఒలిచాను, ధైర్యం కోసం.

"అమ్మా, ఆ లోపం పోకూడదు."

"ఏందీ?"

"నాకు కావలసింది అదే. లోపం ఉంటేనే అందులోంచి వెలుగొస్తుంది. ఆ వెలుగు లెక్కకట్టడమే నా ఉద్యోగం. లోపం లేకపోతే నాకు పనే లేదు."

అమ్మ రొయ్య చేతిలో అలాగే పట్టుకుని నన్ను చూసింది. "నర్సు ముందర కూర్చోని రోగం నిలవాల అంటా ఉండావు. నీకు బుద్ధుండాదా?"

"నిజమమ్మా."

"మరి నిన్న పోయిందని చెప్తే నువ్వు సంతోషంగా ఉంటివే?"

"నువ్వు ప్రార్థన చేశావని సంతోషం."

అది అనకుండా ఉండాల్సింది. ఆమెకు మొత్తం అర్థమైపోయింది. ముఖం కళ తప్పింది. నేను గబగబా బస్సు సీటు సంగతి చెప్పాను, పరమాణువును దగ్గరగా పెట్టింది నేనేనని, ఆమె ప్రార్థనకూ దానికీ సంబంధం లేదని చెప్పాను. అదింకా పెద్ద తప్పు. ఆమె ప్రార్థన నాకు చెరుపు చేసిందనడం కంటే, అసలు ఏమీ చేయలేదనడం ఘోరం. నోరు జారిన తర్వాత తెలిసింది.

"సరేలే మే," అన్నది, మళ్లీ రొయ్యలు అందుకుంటూ. "ఇంక అడగను."

ఉపవాసం లేదు. ఆదివారం సాక్ష్యమూ లేదు. అన్నం ముందు తల వంచి, వెంటనే ఎత్తేది. పులుసు పొగలు కక్కుతూ కంచంలోకి వచ్చేది, నా నాలుక కాలేది. రౌండ్లు కూడా మానేసింది. నేను కావాలనే ల్యాప్‌టాప్‌ను వంటింటి గుమ్మానికి ఎదురుగా పెట్టి కూర్చున్నాను. ఆమె దాని పక్కనుంచి, మూసేసిన కొట్టు ముందునుంచి పోయినట్టు పోయేది. నాకు ఆమె మీద, నా మీద, ట్యాబ్ మీట మీద సమానంగా కోపం వచ్చింది.

ఉండబట్టలేక అయ్యగారి దగ్గరికి వెళ్లాను. ఆయన అంతా విని గడ్డం గోక్కున్నారు.

"లోపం కావాలని ప్రార్థన చెయ్యొచ్చా అండీ?" అని అడిగాను.

"నన్నెవురూ ఇంతవరకు అడగలేదమ్మా. ఆ లోపం దేశానికి మంచిదేనా?"

"మంచిదే అండీ."

"అట్టయితే దేశం కోసం అనే అంశంలో కలిపేస్తాం. అధికారుల తర్వాత పెడదాం."

"నా గోళీ సంగతి కాదండీ. అమ్మ మళ్లీ ప్రార్థన చేయడం మానేసింది."

ఆయన గడ్డం గోక్కోవడం ఆపారు. "అది నేను చేసేది కాదమ్మా. ఆమె దేవుడితో మాట్లాడటం మానేసిందంటే, చెప్పాల్సింది ఏందో గొంతుకాడ ఆగుండాది. అది రాకుండా వేరేది రాదు," అన్నారు. సలహా అడిగితే ఇది సలహానా అనుకుంటూ ఇంటికొచ్చాను.

తర్వాతి బుధవారం పొద్దున నా లెక్కలు తేలాయి. దూరం సందులో పెట్టిన ఎర్ర గోళీ చుట్టుపక్కలవాళ్లు ఎంత సర్దుకున్నా కదల్లేదు. దాని వెలుగు, ల్యాబువాళ్లు చూసిన ఎరుపుకు దగ్గర్లోనే వచ్చింది. అచ్చంగా అదే అనలేం గానీ, మిగతా అనుమానితులకంటే మెరుగు. సారు "బాగుంది" అన్నారు. ఆయన నోట ఆ మాట రావడం కూడా సాక్ష్యం చెప్పదగిన విషయమే. వంటింట్లోకి పరుగెత్తి అమ్మకు చెప్పాను. "సంతోషం," అన్నది, పోపు వేస్తూ. అంతే.

ఆ సాయంత్రం కూడిక ఎదురింటి అక్క ఇంట్లో. నేనూ అమ్మతో వెళ్లాను. వంటింట్లో కోడికూర ఉడుకుతోంది, వాసన వాక్యానికి పోటీగా వస్తోంది. అమ్మకు ఇటుపక్క నేను, నాకు ఇటుపక్క అక్క. ప్రార్థన తిరిగి తిరిగి అమ్మ దాకా వచ్చింది. నిశ్శబ్దం. ఎక్కడో గుంటల వైపునుంచి ఏరేటర్ల చప్పుడు వినబడుతోంది. చెయ్యి వస్తుందని నేను మోకాలు కాస్త జరిపాను.

"తండ్రీ," అన్నది అమ్మ. ప్రేమగల అనలేదు.

"పోయిన వారం నేనొకటి అడిగినాను. అది తప్పంట. నా బిడ్డకు ఆ లోపమే కావాలంట. నాకెట్టా తెలుస్తాది? నేను నర్సును. లోపం కనబడితే పోవాలనే అడుగుతాను. నీకు తెలుసు గదా, నువ్వన్నా చెప్పొద్దా?"

ఎవరో నవ్వాపుకోలేక ముక్కుతో చప్పుడు చేశారు. అమ్మ ఆగలేదు.

"ఆయన మంచం మీద ఉన్నప్పుడు ఎంత అడిగినాను నిన్ను. నేనొక్కదాన్నేనా? ఈ అక్క అడిగింది, అయ్యగారు అడిగినారు, ఈడ కూర్చున్నోళ్లందరూ అడిగినారు. అప్పుడు నీకు వినబడలేదు. ఈ గోళీల కాడ మాత్రం తెల్లారేసరికి వినబడిందా? అడిగింది ఇయ్యవు, అడక్కూడనిది చేతిలో పెడతావు. ఏంది నీ లెక్క? నాకు కోపంగా ఉండాది తండ్రీ. ఆయన పోయినకాడినుంచీ కోపంగానే ఉండాది. నీతో అట్టా అనకూడదని నోరు మూసుకోనుండాను. ఇంక మూసుకోను. నీతో గాక ఇంకెవురితో చెప్పాల?"

ఎవరూ కదల్లేదు. కోడికూర అడుగంటుతున్న వాసన వస్తోంది. అక్క ముక్కుకు తెలిసింది, నాకూ తెలిసింది, అయినా ఆమె లేవలేదు. సన్నమంట మీద పెట్టి రావాల్సిన మనిషి లేడు.

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ ఎర్రదాన్ని కదిలించబాక," అన్నది, ఈసారి మెల్లిగా. "అది ఉన్నకాడ ఉండనీ. నా బిడ్డ మంచిగా పనిచేసుకోవాల. వేటకు పోయినోళ్లందరినీ చల్లగా ఒడ్డుకు చేర్చు. ఆమేన్."

ఇలాంటి ప్రార్థనకు ఆమేన్ అనొచ్చో కూడదో ఎవరికీ తెలిసినట్టు లేదు. అయ్యగారు అన్నారు. తర్వాత ఒక్కొక్కరుగా అందరూ అన్నారు.

అప్పుడు అమ్మ చెయ్యి వచ్చి నా మోకాలు తట్టింది. వంతు దాటేయడానికి కాదు, తనది అయిపోయింది, ఇంక నీదే అని. అలవాటు కొద్దీ నా చెయ్యి అక్క మోకాలి వైపు లేచింది. అక్క కూడా అలవాటు కొద్దీ గొంతు సవరించుకుంది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

చిన్నప్పటినుంచీ తట్టుకుంటూ వచ్చినదాన్ని, ఎలా మొదలుపెట్టాలో నాకు రాదు. తండ్రీ అనడానికి కూడా నోరు తిరగలేదు.

"అమ్మ చెప్పిందే నాదీ," అన్నాను. "నాన్న విషయంలో నాకు కూడా కోపంగానే ఉంది."

ఆమేన్ అనాలని గుర్తు రాలేదు. అమ్మే అన్నది.